ఇటలీ బండి కళ్ళెం

అసలు గుర్రాలని ఎందుకంటారో, ఇంజన్లో గుర్రాలెక్కడివి, నలభై ఏడు గుర్రాలు, డెబ్బై మూడు గుర్రాలు అని సంతలో బేరమాడినట్టు, గుర్రమన్నాక కళ్ళెం ఉండాలి కదా అని ఏ పెద్దమనిషికి తోచిందో, ఆ ఇనపముక్కకి కళ్ళెం అని పేరు పెట్టి పోయాడు, వేలిగోరంత ముక్క, చేత్తో యాక్సిలరేటర్ ఎంత తిప్పినా లోపల గాలితలుపు సగం దాటి తెరుచుకోకుండా అడ్డం నిలబడే ముక్క, ముప్ఫై ఏళ్ళుగా మోటార్‌సైకిళ్ళ షెడ్డులో రోజుకి పదిసార్లు ఆ మాట ఎర్వే నోట్లో నలిగింది, కళ్ళెం వెయ్యి, కళ్ళెం తియ్యి, తీసినట్టు కాగితం రాసివ్వు, ఏనాడూ దాన్నొక మాటగా విన్నది లేదు, ఇప్పుడు ప్రీవా ఊరి చివర రౌండు చుట్టూ కారు తిప్పుతుంటే గొంతులో వెలక్కాయలా అడ్డం పడింది, పక్కసీట్లో భార్య నదేజ్, ఒళ్ళో రెండు చేతికర్రలు, కుడి పాంటు మోకాలి కింద మడిచి పిన్నీసు పెట్టి ఉంది, కొత్త కాలు వెనకసీట్లో సంచిలో ఉంది, పొద్దున్నే ఆసుపత్రిలో తొడిగితే రాపిడికి ఎర్రగా కందిపోయిందని విప్పేసింది, రౌండు రెండుసార్లు తిరిగావు తెలుసా అంటోంది, నాలుగు నెలలు నేను లేకపోయేసరికి ఊరు కూడా మర్చిపోయావా అంటోంది, లేదు, ఎదర ట్రాక్టరుంది అందుకని అన్నాడు, ట్రాక్టరేమీ లేదు.

ఇంటికే తీసుకెళ్తే ఎంత బాగుండును, ఇంట్లో ఆమె కోసం మెట్ల పక్కన కడ్డీ బిగించాడు, స్నానాలగదిలో కూర్చోడానికి పీట పెట్టాడు, కానీ ఇంటికి కాదు, ముందు ఒదీల్ గారింటికి, ఆసుపత్రి మంచం మీదనుంచే ఫోన్ చేసి ఒప్పించుకుంది నదేజ్, ఒదీల్ అంటే కనుమకి అవతల మేకలు పెంచుకుంటూ జున్ను అమ్ముకునే ఆవిడ, జూన్‌లో ప్రమాదం జరిగిన రోజు ఎదురుగా వ్యానులో వచ్చిన ఆవిడ, నదేజ్‌ని తప్పించబోయి రాతిగోడకి గుద్దుకుని భుజం విరగ్గొట్టుకున్న ఆవిడ, ఆవిడ ముఖం చూసి క్షమాపణ చెప్పందే నా ఇంటి గుమ్మం తొక్కను అంది నదేజ్, ఒక్క కాలుతో తొక్కే గుమ్మానికి అంత పట్టుదలేమిటే అని ఆమె చెల్లెలు ఏడుస్తూ తిట్టినా వినలేదు, ఉత్తరం కూడా రాసుకుంది, ఇప్పుడు దాన్ని మడత విప్పి మళ్ళీ చదువుతోంది, విను ఎర్వే, ఇది బాగుందా, జరిగినదానికి పూర్తి బాధ్యత నాది, రోడ్డు బాగుంది, వాతావరణం బాగుంది, బండి బాగుంది, భయపడి నా చెయ్యి వెనక్కి తగ్గింది, ఈ ముక్క ఉంచనా తీసెయ్యనా, భయపడి అని రాస్తే సాకు చెప్తున్నట్టుంటుందా, ఆమె గొంతు మామూలుగా ఉంది, సంత చీటీ చదివే గొంతు, ఎర్వే మాత్రం అక్టోబరు చలిలో కారు హీటరు ఆపేశాడు, ఉంచు అన్నాడు, ఉంచు అని ఎలా అనగలిగాడో, మనిషేనా తను.

బండి బాగుంది, ఆ మాట ఆమెకి ఎవరు చెప్పారు, తనే, ఇంకెవరు చెప్తారు, మెకానిక్కు మొగుడుండగా, తొడ దాకా కట్లతో పడుకుని మొదటిసారి కళ్ళు పూర్తిగా తెరిచిన రోజునే అడిగింది, బండి విప్పి చూడు ఎర్వే, లోపం దానిదో నాదో నాకు తెలియాలి, నేను మొత్తం తిప్పాననే అనుకున్నాను, కానీ అది కదల్లేదు, దాటబోయిన లారీ పక్కనే అలా ఉండిపోయాను, నా చెయ్యి తిప్పలేదా, నేను భయపడ్డానా, చెప్పు, ముప్ఫై ఏళ్ళ సర్వీసున్నవాడివి కదా, అప్పుడు చెప్పాల్సింది, నోరు తెరిచాడు కూడా, కళ్ళెం అనే మాట పెదవుల దాకా వచ్చింది, ఆమె కనుబొమ్మ మీద కుట్లు చూశాడు, దుప్పటి కింద కుడివైపు చదునుగా ఉన్న చోటు చూశాడు, బండి బాగుంది అన్నాడు, అయితే నేనే భయపడ్డానేమో అంది, దానికి తనేమన్నాడు, అవునేమో అన్నాడు, ఆ ఒక్క మాట చాలు తనని ఉరితీయడానికి, ఊరుకున్నా సరిపోయేది, అవునేమో అని తలూపి మరీ అన్నాడు, అప్పట్నుంచి ఆమె తన చేతిని తానే నమ్మడం మానేసింది, కాఫీ కప్పు ఎత్తేముందు కూడా ఆ చేతి వంక ఒకసారి చూసుకుంటుంది, నర్సు గమనించి చెప్పింది, మీ ఆవిడకి చెయ్యి కూడా నొప్పా అని.

రోడ్డు ఎక్కడం మొదలైంది, రెండు పక్కలా చెస్ట్‌నట్ తోటలు, చెట్లకింద వలలు పరిచి ఉన్నాయి, నదేజ్ అద్దం దించింది, ఆకుల వాసన, ఇరవై ఏళ్ళు నీ వెనక కూర్చుని నీ వీపే చూశాను, ఈ కొండ ఇలా ఉంటుందని బండి కొనుక్కున్నాకే తెలిసింది అంటోంది, ఆ మాట ఎన్నిసార్లు అంటుందో, మొదటిసారి వంటింట్లో అంది, నలభై అయిదో పుట్టినరోజునాడు, నాకు కేకొద్దు, బండి నేర్పించు అంది, నేర్పించాడు, లైసెన్సు పరీక్షకి వెళ్తే పద్దెనిమిదేళ్ళ వాళ్ళ మధ్య నిలబడి ఎగ్జామినర్‌ని నవ్వించి మరీ పాసయింది, కానీ ఈ దేశంలో చట్టం చట్టమే, వయసుతో పనిలేదు, ఎవరైనా సరే మొదటి రెండేళ్ళు కళ్ళెం వేసిన బండే నడపాలి, నలభై అయిదేళ్ళ దాన్ని, ఇద్దర్ని కన్నదాన్ని, నాకు కళ్ళెమేంటయ్యా అని ఆఫీసులో దెబ్బలాడింది, తర్వాత తనే ఎంచుకుంది, ఒంటిమీద ప్లాస్టిక్ తొడుగు లేకుండా ఇంజనూ గొట్టాలూ అన్నీ బయటికి కనబడే మధ్యరకం బండి, నా వయసులో బట్టల్లేకుండా తిరిగితే ఈ బండే తిరగాలి అని నవ్వింది, ఇటలీలో టురిన్ నుంచి చవగ్గా వచ్చిన పాత బండి, అందుకే దానిపేరు ఇటాలియన్ అయింది, ఇటాలియన్‌కి స్నానం చేయించాను, ఇటాలియన్‌కి జలుబు చేసింది, స్టార్టవట్లేదు, అలా.

ఆ ఇటాలియన్ అవడమే ఇంతపని చేసింది, బయటినుంచి చూస్తే అన్నీ ఒకే బండి, అదే చట్రం, అదే ట్యాంకు, అదే దీపం, కానీ ఏ దేశానికి ఆ దేశం దాన్ని తనకి నచ్చినట్టు మార్చుకుంటుంది, స్విట్జర్లాండుకి పోయేదాన్ని చప్పుడు చెయ్యకుండా గొంతు నొక్కేస్తారు, జర్మనీదానికి అద్దాలు వేరు, ఆస్ట్రేలియాలో నేర్చుకునేవాళ్ళ కోసం ఇంజనే చిన్నది చేసి పంపుతారు, ఒక తల్లి పిల్లల్ని పదిళ్ళకి ఇచ్చినట్టు, ఇక్కడి బండికి కళ్ళెం పక్కన బయటే ఉంటుంది, రెండు మరలు విప్పితే చేతికొస్తుంది, ఇటలీదానికి లోపల మూతకింద చోటు, ఇక్కడి ముక్క అక్కడ పట్టదు, మొదట్లో ఆమె కోసం కళ్ళెం వెయ్యాల్సి వచ్చినప్పుడు ఎర్వే ఆదివారమంతా కూర్చుని ఇక్కడి ముక్కనే ఆకురాయితో అరగదీసి లోపల ఇమిడేలా చేశాడు, పనితనం చూసి తనే మురిసిపోయాడు, అలాంటి ముక్క లోకంలో ఇంకొకటి లేదు, ఏ పుస్తకంలోనూ లేదు, ప్రమాదం తర్వాత బీమావాళ్ళ తరఫున వచ్చిన నిపుణుడు, కళ్ళద్దాల మనిషి, పుస్తకం తెరిచి ఇక్కడి బండికి కళ్ళెం ఎక్కడుంటుందో అక్కడ టార్చి వేసి చూశాడు, అక్కడ ఏమీ లేదు, కళ్ళెం లేదు, తీసినట్టున్న కాగితం ప్రకారమే ఉంది అని రాసుకుని సంతకం పెట్టాడు, ఎర్వే పక్కనే నిలబడి ఉన్నాడు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోకుండా నిలబడటానికి ఎంత కష్టపడ్డాడో, ఆయనకి కాఫీ కూడా కలిపిచ్చాడు.

ఎందుకంటే తను తియ్యలేదు, రెండేళ్ళు నిండాయి, ఏడుగంటల శిక్షణ కూడా అయింది, పూర్తి లైసెన్సు చేతికొచ్చింది, మే నెల శనివారం, హెల్మెట్ చంకలో పెట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడి తీసేశావా అంది, తీసేశాను అన్నాడు, తీసినట్టు కాగితం రాసి ముద్ర కొట్టి చేతిలో పెట్టాడు, లోపల ముక్క లోపలే ఉంది, పోనీ అక్కడితో ఊరుకున్నాడా, ఆమెకి తేడా తెలియాలి కదా అని గొలుసు తిప్పే ముందువైపు పళ్ళచక్రం మార్చాడు, పదహారు పళ్ళది తీసి పదిహేను పళ్ళది వేశాడు, దాంతో బండి నిలబడ్డచోటునుంచి చురుగ్గా దూకుతుంది, పైన మాత్రం మునుపటికంటే ముందే ఊపిరి అయిపోతుంది, అబద్ధానికి ఎంత శ్రద్ధగా పనిచేశాడో, నిజానికైతే రెండు నిమిషాల పని, ఆమె ఒబెనా ఊరి దాకా వెళ్ళి వచ్చి మసి అంటిన చెంప మీద ముద్దుపెట్టింది, అబ్బ, ఎంత తేడా ఎర్వే, దీనికి నిజంగానే రెక్కలొచ్చాయి అంది, రెక్కలు, తనకి నవ్వొచ్చింది కూడా, దేవుడా, ఆ నవ్వు, భయం వల్లే చేశాను అనుకున్నాడు, పిన్ని కొడుకు జిల్ ఇలాంటి బండి మీదే ఇరవై రెండేళ్ళకి పోయాడు, శవపెట్టె మూత తెరవనివ్వలేదు, ఆమెకేమన్నా అయితే నేనేమైపోతాను, ఒక్క సంవత్సరం ఆగి తీస్తాను, చెప్పకుండా తీస్తాను, ఆమెకి తెలియదు, ఎవరికి నష్టం, అనుకున్నాడు, ప్రేమే కదా, ప్రేమ కాక మరేమిటి.

ఇదే ఆ మలుపు, ఇక్కడే, కారు దానంతటదే నెమ్మదించింది, నెమ్మదించకు, మామూలుగా పోనీ అంది నదేజ్, ముందుకే చూస్తూ, రాతిగోడలో కొత్త రాళ్ళు తెల్లగా ఉన్నాయి, ఆ రోజు తను ముందున్నాడు, తన పెద్ద బండి మీద, దుంగల లారీని దాటేశాడు, ముందు రోడ్డు ఖాళీ, ఎడమచెయ్యి ఊపి రా అన్నాడు, రా, వచ్చెయ్, ఆ క్షణంలో మర్చిపోయాడు, అదీ ఘోరం, తన అబద్ధాన్ని తనే నమ్మాడు, డెబ్బై మూడు గుర్రాలున్న బండిని రమ్మన్నట్టు రమ్మన్నాడు, ఆమె బయటికొచ్చింది, సగం లారీ దాకా దూకుతూ వచ్చింది, అక్కడ వేగం పెరగక లారీ పక్కనే ఉండిపోయింది, అద్దంలో చూస్తున్నాడు, ఎందుకు రావట్లేదు, ఎందుకు రావట్లేదు అనుకుని, అప్పుడు గుర్తొచ్చింది, గుర్తొచ్చేసరికి మలుపులోంచి తెల్ల వ్యాను, ఆమెకి పోవడానికి లారీవైపు తప్ప దారి లేదు, లారీ వెనక చక్రం, ఇక చూడలేదు, చూశాడు, నువ్వు రమ్మన్నప్పుడు ఖాళీగానే ఉంది, నీ తప్పేం లేదు అంటోంది నదేజ్ ఇప్పుడు, అతని ముఖం చూసి, అతన్ని ఓదారుస్తోంది, నేనే దాటకుండా సాగదీశాను ఎర్వే, ఇక దాన్ని తలుచుకుని కుమిలిపోకు, మనలో ఒకళ్ళం ఏడిస్తే చాలు.

కనుమ దాటాక దిగుడు, ముందు బూడిదరంగు కారు కాస్త పక్కకి తప్పుకుంటే ఎవరో మోటార్‌సైకిల్ వాడు దాన్ని దాటుతూ కుడికాలు పక్కకి చాపాడు, దారిచ్చినందుకు థాంక్స్ అని, ఇక్కడందరూ చేసేదే, కుడిచెయ్యి యాక్సిలరేటర్ మీద ఉంటుంది కాబట్టి కాలితో చెప్తారు, నదేజ్ కిసుక్కున నవ్వింది, ఇక నేనెవరికీ థాంక్స్ చెప్పక్కర్లేదు, ఆ బాధ తీరింది అంది, నవ్వు మధ్యలోనే తెగింది, కిటికీవైపు తిరిగింది, భుజాలు కదులుతున్నాయి, ఎర్వే చెయ్యి చాపబోయి గేరు మార్చాడు, మార్చాల్సిన పనిలేదు, ఆ కాలు, వద్దు, ఆ ఆదివారం గుర్తు చేసుకోవద్దు, ఏప్రిల్, ఇదే దిగుడు, ఆరు బండ్లు, తను ఎప్పటిలాగే అందరికంటే ముందు, దిగుడులో గుర్రాలతో పనిలేదు, మలుపు ఎలా పట్టుకుంటావన్నదే లెక్క, మూడో మలుపులో లోపలివైపునుంచి చిన్న ఈల లాంటి చప్పుడు, ఇటాలియన్, కళ్ళెం వేసిన నలభై ఏడు గుర్రాలతో, అంత పల్చగా, అంత తేలిగ్గా తనని దాటింది, దాటుతూ కుడికాలు చాపింది, థాంక్స్, తను దారివ్వలేదు, ఇవ్వకుండానే దాటింది, దాటి, పక్కకి తప్పుకున్న ముసలాయన కారుకి చెప్పినట్టు మర్యాదగా చెప్పింది, కింద కాఫీ కొట్టు దగ్గరికి తను చేరేసరికి హెల్మెట్ తీసేసి కూర్చుని ఉంది, చెంపలు ఎర్రగా, కొట్టు నడిపే రెజిస్ గాడు అరిచాడు, రావయ్యా ఎర్వే, మీ ఆవిడకిది రెండో కాఫీ, నువ్వు దారిలో పూలు కోసుకుంటూ వస్తున్నావా, అందరూ నవ్వారు, తనూ నవ్వాడు, అందరికంటే గట్టిగా నవ్వాడు, సరదాగానే ఉంది, సరదాగానే ఉందనే అనుకున్నాడు, ఆ రాత్రి ఆమె ముచ్చట్లాడబోతే తలనొప్పి అని అటు తిరిగి పడుకున్నాడు.

మేకల వాసన, మట్టి వాకిలి, ఒదీల్ గుమ్మంలోనే నిలబడి ఉంది, పొట్టి మనిషి, ఎడమభుజం కిందికి వాలిపోయి ఉంది, నదేజ్ చేతికర్రల మీద వాకిలి దాటుతోంది, పట్టుకోబోతే వద్దంది, ఉత్తరం తీసి చదవబోయింది, ఒదీల్ చెయ్యి అడ్డం పెట్టింది, చదవక్కర్లేదు మేడమ్, ఉత్తరం నేనేం చేసుకోను, నలభై మేకలుండేవి, ఈ చెయ్యి పైకి లేవక ఇరవై రెండు అమ్మేశాను, పేరు పేరునా పెంచినవి, మీ కాలు పోయిందని విన్నాక మిమ్మల్ని తిట్టుకోవడానికి కూడా నాకు నోరు రాకుండా పోయింది, అదే నా కోపం, ఒక్కటే చెప్పండి, ఎందుకంత తొందర మీకు, తొందర కాదండీ అంది నదేజ్, తొందరపడితే గట్టెక్కేదాన్ని, సగంలో నాకు భయమేసింది, నా చెయ్యి నన్ను మోసం చేసింది, తల వంచుకుని నిలబడింది, తన భార్య, పాఠం రాని పిల్లలా, పరాయి వాకిట్లో, చెయ్యని తప్పుకి, ఒదీల్ ఆమెని అలాగే చూసి చూసి ఎర్వే వైపు తిరిగింది, మీరు మెకానిక్కట కదండీ, ఇంత చేసింది, బండిలో ఏమీ లేదంటారా, ఏదో మాటవరసకి అడిగింది, పాపం, ఎక్కడో మేక అరిచింది, లేదండీ అంటే అయిపోతుంది, ఇంటికెళ్ళిపోవచ్చు, కడ్డీ బిగించిన మెట్లు, పీట వేసిన స్నానాలగది, ఇంకో ఇరవై ఏళ్ళు ఆమె కాఫీ కప్పు ఎత్తేముందు తన చేతి వంక చూసుకుంటూ ఉంటే ఎదురుగా కూర్చుని చూస్తూ బతకొచ్చు, ఉందండీ అన్నాడు, అన్నది తనేనా, ఉంది, కళ్ళెం ఉంది, నేను తియ్యలేదు నదేజ్, తీశానని చెప్పాను, తియ్యలేదు, నీ చెయ్యి మొత్తం తిప్పింది, నువ్వు భయపడలేదు.

నదేజ్ కుడిచేతి కర్రని ఎడమచేతిలోకి మార్చుకుంది, ఖాళీ అయిన చేతిని ఒకసారి తెరిచి మూసింది, ముఖంలోకి రంగు వచ్చింది, అలా వచ్చి అలా పోయింది, ఎందుకు అంది, గట్టిగా కూడా అనలేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అంది, దీనికి జవాబు నాలుగు నెలలుగా సిద్ధంగా ఉంది, మంచం పక్కన కుర్చీలో, కారులో, షెడ్డులో ఎన్నిసార్లు వల్లించుకున్నాడో, నీకేమన్నా అవుతుందని భయపడ్డాను, జిల్‌ని చూశాను కదా, నిన్ను పోగొట్టుకోలేక, ప్రేమకొద్దీ, మాటలన్నీ వరసలో నిలబడి ఉన్నాయి, మొదటిది నాలుక మీదికి వచ్చింది, అది అక్కడే చేదెక్కింది, ఎందుకంటే జిల్ పోయి ఇరవై ఏడేళ్ళయింది, ఈ ఇరవై ఏడేళ్ళలో ఎంతమంది బండ్లకి కళ్ళెం విప్పాడో, ఎవరి ప్రాణానికీ భయపడలేదు, ఆమె వెనక కూర్చున్న ఇరవై ఏళ్ళూ భయపడలేదు, రెండేళ్ళు అదే బండి మీద తన వెనకాల వస్తుంటే భయపడలేదు, ఏప్రిల్లో భయపడలేదు, మేలో ఎక్కణ్నుంచి వచ్చింది భయం, ఒదీల్ చూస్తోంది, నదేజ్ చూస్తోంది, ఆ చూపులో ఇంకా కాస్త చోటుంది, భయం అంటే క్షమిస్తుందేమో కూడా, అంత మంచిది, భయం అని చెప్పెయ్యొచ్చు, కానీ అది భయం కాదు, ఏనాడూ కాదు, కళ్ళెంతోనే అంత తేలిగ్గా దాటింది కదా, అది తీస్తే ఇక ఎక్కడా, ఏ రోడ్డు మీదా తను ఆమెని అందుకోలేడు, అది తెలిసే తియ్యలేదు, ఆమె తనని దాటి వెళ్ళడం తనకి ఇష్టం లేకపోయింది, అంతే.